రెండో టెలిస్కోపు ఎంచుకోవడం ఎలా? చోటు తక్కువున్న ఇళ్లకు సమగ్ర మార్గదర్శి

చలికాలం మొదలయ్యేసరికి నా దగ్గరికి వచ్చే ప్రశ్న దాదాపు ఒకటే. "మా దగ్గర 70 మిల్లీమీటర్ల చిన్న టెలిస్కోపు ఉంది. చంద్రుణ్ణీ శని వలయాల్నీ చూశాం. ఇప్పుడు నీహారికలు, గెలాక్సీలు చూడాలని ఉంది. హనుమకొండలో రెండు గదుల ఫ్లాటు. ఏది కొనాలి, ఎక్కడ పెట్టుకోవాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

అందరూ "ఏది కొనాలి" అన్న దగ్గర మొదలుపెడతారు. నేను "ఎక్కడ పెట్టుకోవాలి" అన్న దగ్గర మొదలుపెడతాను. పెట్టుకునే చోటు, మోసుకెళ్లే దారి తేలాక కొనదగ్గవి రెండో మూడో మిగులుతాయి.

ఇది దెబ్బ తిని నేర్చుకున్నదే. నా రెండో టెలిస్కోపు 200 మిల్లీమీటర్ల (అద్దం వెడల్పు) డాబ్సోనియన్, అంటే తిరిగే చెక్క పీఠంలో గొట్టం కూర్చునే అద్దపు టెలిస్కోపు. మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. గొట్టం బీరువా పక్కన, పీఠం వంటగది తలుపు వెనక. మొదటి నెలలో ఆరుసార్లు కిందికి దించాను. ఆ తర్వాత ఏడాది మొత్తంలో మూడుసార్లు. మా అమ్మ ఆ పీఠం మీద ఉల్లిగడ్డల బుట్ట పెట్టడం మొదలుపెట్టిన రోజున నాకు విషయం అర్థమైంది. అమ్మేశాను.

1. ముందు ఇంట్లో చోటు కొలవండి

టేపు పట్టుకుని ఇల్లంతా తిరగండి. దివాన్ మంచం లోపలి అర, బీరువా అడుగు అర, తలుపు వెనక మూల, సజ్జ. ఒక్కోదానికీ పొడవు, వెడల్పు, ఎత్తు రాసుకోండి. లోపలి కొలతే రాయాలి, చెక్క మందం కలపకూడదు. మా దివాన్ బయటి నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తు కనిపిస్తుంది, లోపల ఉన్నది 28 మాత్రమే.

మూలను తీసిపారేయకండి. డాబ్సోనియన్‌ను నిలువుగా నిలబెడితే నేల మీద ఒక ప్లాస్టిక్ కుర్చీ పట్టినంత చోటే పడుతుంది. అయితే బతుకమ్మకు, సంక్రాంతికి చుట్టాలు దిగినప్పుడు కూడా ఆ మూల దానిదే కావాలి. అందుకు ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటారో లేదో ముందే అడగండి.

కొన్ని చోట్లను మొదటే కొట్టేయండి:

☐ బాల్కనీ: వాన జల్లు, ఎండ, పావురాలు.
☐ వంటగది, దాని పక్క గోడ: తాలింపు పొగలోని నూనె సన్నటి పొరలా అద్దం మీద పేరుకుంటుంది. దుమ్మును ఊదవచ్చు గానీ నూనెను ఊదలేం.
☐ పై అంతస్తు సజ్జ: మే నెల ఎండకు స్లాబు కింద జిగురు, ప్లాస్టిక్ భాగాలు వదులవుతాయి.
☐ ఏసీ గది: చల్లబడిన అద్దాన్ని తేమ గాలిలోకి తీసుకెళ్లి మూత తీయగానే మంచుపట్టి మసకబారుతుంది. వేరే దారి లేకపోతే మూతలు తీయకుండా బయట అరగంట ఉంచండి.

2. బియ్యం సంచి పరీక్ష

కొనబోయే టెలిస్కోపు బరువును కాగితం మీద చదివితే ఏమీ తెలియదు. అంత బరువున్న బియ్యం సంచిని రాత్రి తొమ్మిదింటికి మీ ఇంటి నుంచి కారు దాకా మోయండి. అర్ధరాత్రి ఒంటిగంటకు దాన్నే మళ్లీ పైకి ఎక్కించండి. వెళ్లేటప్పటి ఉత్సాహం వచ్చేటప్పుడు ఉండదు కాబట్టి ఈ రెండో మోతే అసలు పరీక్ష.

తర్వాత అట్టపెట్టెలు తెచ్చి, టేపుతో అతికించి, కొనబోయేదాని కొలతలతో బొమ్మ పెట్టె ఒకటి తయారు చేయండి. దాన్ని మెట్ల మలుపులో తిప్పి చూడండి, కారు డిక్కీలో, వెనక సీటులో పెట్టి చూడండి. 1200 మి.మీ. పొడవున్న గొట్టం చిన్న కారు వెనక సీటు మీద అడ్డంగా పట్టవచ్చు. కానీ అప్పుడు వెనక మనుషులు కూర్చోలేరు. కుటుంబంతో కలిసి వెళ్లేవారికి ఇది చిన్న విషయం కాదు.

ఇక్కడ ఓడిన టెలిస్కోపును ఎంత మంచిదైనా జాబితాలోంచి తీసేయండి.

3. ఎక్కడి నుంచి చూస్తారో తేల్చుకోండి

చాలామందికి నచ్చని మాట ఒకటి చెప్పాలి. టెలిస్కోపు నీహారికను కంటికి మరింత కాంతివంతంగా చూపదు. మసక వస్తువును అంతే కాంతితో, లేదా ఇంకాస్త తక్కువ కాంతితో, పెద్దదిగా చూపుతుంది. దానితోపాటు వీధిదీపాల వెలుతురు కమ్మిన ఆకాశాన్నీ అలాగే చూపుతుంది. అందుకే హనుమకొండ డాబా మీది 200 మి.మీ. టెలిస్కోపుకు కనిపించని గెలాక్సీ, ములుగు అవతల పొలంలో 130 మి.మీ. దానికి చిక్కుతుంది. నక్షత్ర గుచ్ఛాలకు ఈ బాధ తక్కువ. నీహారికలకు, గెలాక్సీలకు మాత్రం చీకటే ప్రాణం.

మీ చోటును ఇలా పరీక్షించండి. చలికాలంలో పిల్లలకోడి, అంటే కృత్తికలు, నడినెత్తికి వచ్చినప్పుడు మామూలు కంటితో ఎన్ని చుక్కలు లెక్కపెట్టగలరో చూడండి. నాలుగైదుతో ఆగిపోతే అది పట్టణపు ఆకాశం. ఏడు దాకా వెళ్తే ఆ చోటును వదలకండి.

దిక్కు కూడా ముఖ్యమే. మనం దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నాం. వేసవిలో చూడదగ్గవి చాలావరకు దక్షిణాన వృశ్చికం, ధనుస్సుల్లో ఉంటాయి. ఊరికి ఉత్తరాన వెళ్లి కూర్చుంటే ఊరి వెలుతురంతా సరిగ్గా ఆ వైపే కమ్ముకుంటుంది. వరంగల్ వాళ్లు తూర్పున నర్సంపేట, పాఖాల వైపు వెళ్తే ఆ వెలుతురు పడమటికి పోతుంది. ములుగు దాటి రామప్ప, లక్నవరం వైపు వెళ్తే ఇంకా మంచి చీకటి. కరీంనగర్, రామగుండం వాళ్లకూ లెక్క ఇదే: ఊరు మీ వీపు వెనక, ఉత్తరాన ఉండాలి.

పాఖాల, ఏటూరునాగారం అభయారణ్యాలు కాబట్టి అనుమతి లేకుండా రాత్రిపూట లోపలికి వెళ్లకండి. అన్నిటికన్నా మంచిది తెలిసినవాళ్ల పొలం. పాముల భయానికి బూట్లు వేసుకోండి, ఎవరు వచ్చారో గ్రామంలో ఒకరికి చెప్పి వెళ్లండి. చీకట్లో గొట్టంలాంటిది పట్టుకుని నిలబడినవాణ్ణి చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది.

కదిలే అవకాశం అసలే లేనివారు, చూసేదంతా డాబా నుంచే అయినవారు నేరుగా 5వ భాగం చివరి పేరా చదవండి.

4. రెండు అంకెలు: వెడల్పు, మేర

మొదటిది అద్దం వెడల్పు. కాంతి సేకరణ వెడల్పు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మీ పాత 70 మి.మీ. టెలిస్కోపుతో పోలిస్తే 130 మి.మీ. దాదాపు మూడున్నర రెట్లు, 150 మి.మీ. నాలుగున్నర రెట్లు, 200 మి.మీ. ఎనిమిది రెట్లు ఎక్కువ కాంతి పడుతుంది. 80 మి.మీ. అయితే 1.3 రెట్లే, అందుకు డబ్బు పెట్టనవసరం లేదు. రెండోది మొదటిదానికన్నా కనీసం మూడు రెట్లు కాంతి పట్టాలన్నది నా లెక్క.

రెండోది ఒకేసారి కనిపించే ఆకాశపు మేర. దీన్ని ఎవరూ అడగరు, కొన్నాక బాధపడతారు. మామూలు 31.7 మి.మీ. ఐపీసు (కన్ను ఆనించే లెన్సు గొట్టం) పట్టే టెలిస్కోపుకు సులువైన సూత్రం: 1550ని ఫోకల్ దూరంతో (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటు దాకా ఉన్న దూరం, మి.మీ.లో) భాగించండి. వచ్చేదే అది చూపగల గరిష్ఠ మేర, డిగ్రీల్లో.

650 మి.మీ. అయితే 2.4 డిగ్రీలు. 750కి దాదాపు 2.1. 1200కి 1.3. 1500కి 1 డిగ్రీ. పిల్లలకోడి మొత్తం ఒకేసారి కనిపించాలంటే దాదాపు 2 డిగ్రీలు కావాలి. దేవయాని గెలాక్సీ పొడవు 3 డిగ్రీల దాకా ఉంటుంది. 200 మి.మీ. డాబ్సోనియన్లలో చాలావాటికి 2 అంగుళాల ఐపీసు పడుతుంది కాబట్టి 1200 ఫోకల్ దూరంలోనూ మేర 2 డిగ్రీలు దాటుతుంది. కానీ ఆ ఐపీసు ఖరీదు వేరే లెక్క.

5. ఏ చోటుకు ఏది

అర మీటరు ఎత్తున్న అర, బరువు 8 కిలోల లోపు: బల్ల మీద పెట్టే, గొట్టం లోపలికి ముడుచుకునే డాబ్సోనియన్. స్కైవాచర్ హెరిటేజ్ 130 (ఫోకల్ దూరం 650, బరువు దాదాపు 6 కిలోలు), హెరిటేజ్ 150 (750, దాదాపు ఏడున్నర కిలోలు) ఈ కోవలోవి. ముడిస్తే 150 కూడా సుమారు అర మీటరు ఎత్తే. ఫ్లాటులో ఉంటూ కారులో తిరిగేవారిలో పదిమందిలో ఏడుగురికి నేను చెప్పేది 150 మి.మీ. ఒక చేత్తో అది, ఇంకో చేత్తో సంచి, ఒక్క మోతలో కిందికి. రెండిటి మధ్య ఊగేవారికి ఒక మాట: 150 మి.మీ. 130 కన్నా మూడో వంతు ఎక్కువ కాంతి పడుతుంది, బరువులో తేడా కిలోన్నర లోపే. ముడిచిన కొలత మీ అరలో పడితే 150 తీసుకోండి.

శాశ్వతంగా దొరికే మూల, కింది అంతస్తు లేదా లిఫ్టు, సొంత కారు: మూడూ ఉంటే 200 మి.మీ. డాబ్సోనియన్. మూడింటిలో ఒక్కటి లేకపోయినా నా ఉల్లిగడ్డల బుట్ట గుర్తు తెచ్చుకోండి. ముడుచుకునే రకం 200లో గొట్టం పొట్టిదవుతుంది గానీ పీఠం చిన్నది కాదు, అర మీటరు వెడల్పున అలాగే ఉంటుంది. ముడుచుకుంటుంది కదా అని మోసపోకండి.

బీరువా అర మాత్రమే: 127 మి.మీ. మక్సుటోవ్ (ముందు లెన్సు, వెనక అద్దం ఉండే పొట్టి రకం) గొట్టం మూరెడు కూడా ఉండదు, అందంగా ఇమిడిపోతుంది. కానీ ఫోకల్ దూరం 1500, మేర 1 డిగ్రీ. గ్రహాలకు మంచిది, గోళాకార గుచ్ఛాలకు (ఉండకట్టినట్టు కనిపించే చుక్కల గుంపులు) పరవాలేదు, పెద్ద నీహారికలకు కాదు. పైగా గట్టి ముక్కాలి స్టాండు విడిగా కావాలి, దానికీ చోటు కావాలి.

బైకు మాత్రమే ఉంటే: 10×50 బైనాక్యులర్. ఇది తక్కువ సలహా అనుకోకండి. చీకటి పొలంలో పడక కుర్చీలో వెనక్కి వాలి పాలపుంత వెంట చూపు నడిపితే రెండు గంటలు తెలియకుండా పోతాయి.

డాబా దాటి వెళ్లలేనివారికి: సీస్టార్ ఎస్50 వంటి స్మార్ట్ టెలిస్కోపు. 50 మి.మీ. లెన్సే అయినా ఫొటో మీద ఫొటో పేర్చి నీహారికను ఫోను తెర మీద చూపుతుంది. బరువు దాదాపు రెండున్నర కిలోలు. నా వరకు అది చూడటం కాదు, బొమ్మ తీయడం. కంటిని ఐపీసుకు ఆనిస్తేనే నాకు తృప్తి. కానీ హనుమకొండ చౌరస్తా వెలుతురులో గెలాక్సీ కావాలంటే నిజాయితీగా చెప్పగల సమాధానం అదే.

6. వద్దనుకోవలసినవి

పొట్టి గొట్టం, పొడవు ఫోకల్ దూరం. అద్దపు న్యూటోనియన్ టెలిస్కోపు (డాబ్సోనియన్ గొట్టమూ ఇదే) గొట్టం పొడవు దాదాపు దాని ఫోకల్ దూరమంత ఉండాలి. "114/1000" (వెడల్పు/ఫోకల్ దూరం) అని రాసి ఉండి గొట్టం అర మీటరే ఉందంటే ఐపీసు పెట్టే ఫోకసర్‌లో సవరణ లెన్సు ఇరికించారన్నమాట. బొమ్మ మెత్తగా వస్తుంది, అద్దాల అమరిక సరిచేయడం తలనొప్పి. చోటు తక్కువున్నవారికి చూడగానే నచ్చేది ఇదే కాబట్టి మొదట దీని గురించే హెచ్చరిస్తున్నాను.

ఈక్వటోరియల్ స్టాండు, అంటే భూమి తిరుగుడుకు తగ్గట్టు ఒకే అక్షం మీద తిప్పే స్టాండు. దాన్ని ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టాలి. మన దగ్గర ధ్రువ నక్షత్రం ఎత్తు 18 డిగ్రీలే, ఎదురింటి నీళ్ల ట్యాంకు వెనకే ఉండిపోతుంది. అక్షాన్ని అంత కిందికి వాల్చితే కొన్ని చిన్న స్టాండ్లలో ప్రతిభారపు కడ్డీ స్టాండు కాలికి తగులుతుంది. పైగా ఇనుప కాళ్లు, బరువు దిమ్మలు దాచేందుకు ఇంకో అర కావాలి.

"525 రెట్లు" అని పెట్టె మీద పెద్దగా రాసినవి. డీప్ స్కైకి (నీహారికలు, గెలాక్సీలు, గుచ్ఛాలు) మనం ఎక్కువగా వాడేది 25 నుంచి 120 రెట్లే.

అమ్మేవారిని అడగవలసినవి:

☐ అద్దం వెడల్పు, ఫోకల్ దూరం
☐ అద్దం పారబోలా ఆకారమా, గోళాకారమా (ఎఫ్/5కి, అంటే ఫోకల్ దూరం వెడల్పుకు అయిదు రెట్లుంటే, పారబోలానే కావాలి)
☐ ప్రధాన అద్దానికి సర్దుబాటు స్క్రూలు ఉన్నాయా
☐ ముడిచినప్పటి కొలతలు, పీఠంతో కలిపి
☐ దారిలో అద్దం పగిలితే మార్చి ఇస్తారా

పార్సిల్ విప్పేటప్పుడు మొదటి టేపు కోయడం నుంచి వీడియో తీయండి.

7. డబ్బులో అయిదో వంతు పక్కన పెట్టండి

మొత్తం టెలిస్కోపుకే పోస్తే చేతిలో ఉన్న రెండు నాసిరకం ఐపీసులతో మిగిలిపోతారు.

ముందు పాత ఐపీసుల గొట్టం వెడల్పు స్కేలుతో కొలవండి. 31.7 మి.మీ. ఉంటే కొత్తదానికీ పనికొస్తాయి. 24.5 ఉంటే పనికిరావు.

150/750కి నేను సూచించేవి: 32 మి.మీ. ప్లోజల్ రకం ఐపీసు (23 రెట్లు, వెతకడానికి, పెద్ద వస్తువులకు), 6 మి.మీ. (125 రెట్లు, గోళాకార గుచ్ఛాలకు). మధ్యలో పెట్టెతో వచ్చే 10 మి.మీ. కొన్నాళ్లు నడుస్తుంది. పట్టణ శివార్లలో 32 బదులు 25 వాడండి, ఆకాశం కాస్త నల్లబడుతుంది.

యూహెచ్‌సీ ఫిల్టరు (నీహారికల కాంతిని పోనిచ్చి మిగతా వెలుతురును తగ్గించే రంగుటద్దం) వెలుగు చిమ్మే నీహారికలకు ఉపయోగం. గెలాక్సీలకు, గుచ్ఛాలకు కాదు. తెల్లని ఎల్ఈడీ వీధిదీపాలను అది పూర్తిగా ఆపలేదు. మొదటి ఏడాది వాయిదా వేయండి.

8. పీట, నల్ల ముసుగు

బల్ల డాబ్సోనియన్‌కు బల్ల మీరే సమకూర్చుకోవాలి. నేను మొదట ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టాను. ఫోకసర్ ముట్టుకుంటే చాలు, బొమ్మ అయిదు సెకన్లు వణికేది. నాలుగు కాళ్లలో ఒకటి ఎప్పుడూ గాలిలోనే. వరంగల్‌లో ఒక వడ్రంగి చేత 45 సెంటీమీటర్ల ఎత్తున ముక్కాలి పీట చేయించుకున్నాక ఆ వణుకు పోయింది. మూడు కాళ్లయితే ఎగుడుదిగుడు పొలంలోనూ కుదురుగా నిలుస్తుంది. పీట కింద టెలిస్కోపు సంచి పడుతుంది కాబట్టి ఇంట్లోనూ చోటు వృథా కాదు.

ముడుచుకునే గొట్టానికి మధ్యలో రెండు కడ్డీలే ఉంటాయి. పక్క వెలుతురు, మన ఊపిరి ఆవిరి అద్దం మీదికి పోతాయి. స్టేషనరీ దుకాణంలో దొరికే నల్ల ఫోమ్ షీటు తెచ్చి ఇలా చేయండి:

☐ దారంతో గొట్టం చుట్టుకొలత తీసి, రెండు సెంటీమీటర్లు ఎక్కువ కలిపి కత్తిరించండి.
☐ ఫోకసర్ దగ్గర గాడి కోయండి.
☐ అంచులకు వెల్క్రో కుట్టండి, జిగురు వేసవికి ఊడుతుంది.
☐ గొట్టం పై నుంచి చూసి, షీటు లోపలికి వంగి దారికి అడ్డు రావడం లేదని రూఢి చేసుకోండి.

9. వచ్చిన రోజు చేయవలసిన వరుస

ఒకటి: పగలు, కిలోమీటరు దూరంలోని సెల్ టవరు మీద గురిచూసే చుక్కను (గొట్టం మీది చిన్న గురిసాధనంలో కనిపించే ఎర్ర చుక్క), ఐపీసు మధ్యను కలపండి. సూర్యుడున్న వైపు గొట్టం తిప్పకండి.

రెండు: అద్దాల అమరిక. గొట్టాన్ని అడ్డంగా పెట్టండి, చేతిలోని పనిముట్టు జారితే అద్దం మీద పడకూడదు. ఫోకసర్‌లో చెషైర్ ఐపీసు (అద్దాల అమరిక చూసేందుకు వాడే, లెన్సు లేని గొట్టం) పెట్టి చూడండి. ఫోకసర్ ఎదురుగా ఉన్న చిన్న అద్దం స్క్రూలు తిప్పి, ప్రధాన అద్దాన్ని పట్టుకున్న మూడు క్లిప్పులూ సమానంగా కనిపించేలా చేయండి. తర్వాత వెనక స్క్రూలతో ప్రధాన అద్దం మధ్య గుర్తును చెషైర్ మధ్యకు తెండి. ఈ వరుస తిరగేస్తే గంటసేపు తిప్పినా కుదరదు. స్క్రూను ఎప్పుడూ పావు చుట్టుకన్నా ఎక్కువ తిప్పకండి.

మూడు: చీకటి పడ్డాక టెలిస్కోపును అరగంట బయట చల్లబడనివ్వండి. మీ కళ్లకూ అంతే సమయం కావాలి. ఫోను జేబులోనే ఉండాలి.

నాలుగు: ప్రకాశవంతమైన చుక్కను మధ్యలో పెట్టి ఫోకస్ తప్పించండి. వలయాలు ఒకే కేంద్రం చుట్టూ ఉంటే అమరిక సరిగ్గా ఉన్నట్టు.

10. మొదటి రాత్రులకు

అమావాస్యకు అటూ ఇటూ నాలుగైదు రాత్రులే మనవి. దీపావళి అమావాస్యను మాత్రం లెక్కలోంచి తీసేయండి, ఆ పొగలో గురుగ్రహమే బూడిద రంగులో ఉంటుంది.

నవంబరు, రాత్రి తొమ్మిది: దేవయాని గెలాక్సీ (ఎం 31; ఎం అంటే మెస్సియే జాబితాలో సంఖ్య), ఉత్తరాన బాగా ఎత్తులో.
జనవరి చివర, అదే వేళ: గొల్లకావడి (ఓరియన్ నడుములోని మూడు చుక్కలు) కింద వేలాడే ఎం 42 నీహారిక. మధ్యలోని నాలుగు చుక్కలను విడివిడిగా చూడండి.
ఏప్రిల్ మొదట్లో: ఎం 81, ఎం 82, రెండు గెలాక్సీలు ఒకే చూపులో.
మే మధ్యలో, రాత్రి పది: దక్షిణాన ఒమేగా సెంటారి అనే గోళాకార గుచ్ఛం. మనకు దాదాపు 25 డిగ్రీల ఎత్తుకు వస్తుంది, లండన్ వాళ్లకు ఎప్పటికీ ఉదయించదు. 70 మి.మీ.లో దూది ఉండలా ఉండేది 150లో రవ్వ చల్లినట్టు చుక్కలుగా విడిపోతుంది.
మే చివర, అర్ధరాత్రి దాటాక: ధనుస్సులో ఎం 8 నీహారిక, ఎం 22 గోళాకార గుచ్ఛం.

గెలాక్సీలు బూడిద మరకల్లాగే ఉంటాయి, ఫొటోల్లోని రంగులు రావు. నేరుగా చూడకుండా ఓరచూపుతో చూడండి. మసకవి అప్పుడే తేలతాయి.

11. తిరిగి దాచిపెట్టడం

మంచు కురిసిన రాత్రి ఇంటికి రాగానే మూతలు బిగించి దివాన్‌లో తోసేయడం చాలామంది చేసే తప్పు. లోపలి తడి అక్కడే ఉండి బూజుకు తిండి అవుతుంది. గొట్టాన్ని అడ్డంగా పెట్టి, మూతలు తీసి, ఫ్యాను కింద గంటసేపు ఆరనివ్వండి. అప్పుడు మూయండి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆకాశం మనది కాదు. ఆ నాలుగు నెలలకు:

☐ ఐపీసులు గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్‌తో.
☐ గొట్టానికి రెండు మూతలు, లోపల సిలికా జెల్ సంచి అద్దానికి తగలకుండా కట్టి.
☐ కలరా ఉండలు వద్దు, ఆ ఆవిరి అద్దం పూతకు, లెన్సు పూతకు మంచిది కాదు.
☐ గురిచూసే చుక్క బ్యాటరీ తీసేయండి.
☐ పీఠం కింద చెదలు చూసుకోండి, అది చెక్కపొడి పలకే.
☐ నెలకోసారి తీసి, టార్చితో అద్దం చూసి, సిలికా జెల్ మార్చండి.

టార్చి వెలుతురులో ఏ అద్దమైనా మురికిగానే కనిపిస్తుంది. ఆ దుమ్ము చూసి గుడ్డతో తుడవకండి. గాలి బంతితో ఊదండి, మిగిలింది వదిలేయండి. సాలెగూడు, వేలిముద్ర, బూజు కనిపిస్తేనే కడగడం గురించి ఆలోచించాలి.

ఇక పాత 70 మి.మీ. టెలిస్కోపు. చోటు తక్కువున్న ఇంట్లో రెండూ ఉంటే రెండోది దాని వెనక ఇరుక్కుంటుంది, తీయడానికి బద్ధకం వేస్తుంది. కొత్తదానితో రెండు అమావాస్యలు గడిచాక పాతదాన్ని మీ ఊరి బడికి ఇచ్చేయండి. ఫోకస్ ఎలా చేయాలో ఒక పంతులుగారికి నేర్పి మరీ ఇవ్వండి.